తొమ్మిదో గడి

సోల్నోక్ జలశాఖ ఆఫీసు, రెండో అంతస్తు,
హీటర్ పనిచేయని గది.
నా ముందు నూట పద్నాలుగు నోటుబుక్కులు.
టిసా నది ఒడ్డున, కొలకర్ర పక్కన
ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడిన వెండెల్ బొగ్నార్
రోజుకి రెండుసార్లు నీటిమట్టం చూసి రాసినవి.

నా పని సులువే.
తేదీ ఒక గడి, వేళ ఒక గడి.
మట్టం, సెంటీమీటర్లలో.
నీటి వేడి. గాలి దిక్కు. వాన.
మంచు ఉందా లేదా, ఒకటో సున్నానో.
చివర సంతకం బదులు పొడి అక్షరాలు.
ఎనిమిది గళ్ళు, మళ్ళీ ఎనిమిది గళ్ళు.
మధ్యాహ్నానికి కళ్ళు మూసినా గళ్ళే.

వెండెల్ మాత్రం గీత దాటి రాసే మనిషి.
మార్జిన్‌లో, అట్ట లోపల, ఒక్కోసారి అంకె నెత్తిమీదే:
"రాత్రి మంచు పగిలింది. మేడమీద ఎవరో బీరువా ఈడ్చినట్టు."
"ఇవాళ నీళ్ళకి కీరదోస వాసన."
"తలుపు ఒకటి కొట్టుకొచ్చింది. గొళ్ళెం పెట్టే ఉంది."
"మూడు వందల పన్నెండు అనుకుంటా. కొంగ కాళ్ళు అడ్డం."

మట్టం: 312. మంచు: 0.
మరి కొంగ?

మా సెక్షన్ హెడ్ కొర్నేలియాని అడిగాను.
కళ్ళజోడు పైకి తోసుకుని
"కొంగ గూడు పెట్టేది పొగగొట్టం మీద,
పట్టికలో కాదు పిరోష్కా, ఎంటర్ నొక్కు" అంది.
నొక్కాను. ఆమె అన్నదాంట్లో తప్పేముంది?
వచ్చే వరదకి కట్ట ఎంతెత్తు పోయాలో లెక్కకట్టేవాళ్ళకి
తలుపు గొళ్ళెంతో పనేముంది?

పద్దెనిమిదో పుస్తకం దాకా అలాగే నడిచింది.
అక్కడ, మే నెల, మూడు రోజులు
పొద్దున 268, సాయంత్రం 268,
268, 268,
268, 268.
ప్రోగ్రాం ఆకుపచ్చ టిక్కు పెట్టింది:
ఖాళీల్లేవు, హద్దులు మీరలేదు, అంతా శుభ్రం.

పుస్తకం పక్కకి తిప్పి చూస్తే
పెన్సిల్‌తో, చీమ తలకాయంత అక్షరాలు:
"మార్గిత్ పెళ్ళి. ఉన్నది ఒక్క చెల్లెలు. నదికి రాలేదు.
పాత అంకే వేశాను. నది ఏమీ అనుకోదు."

ఆ చలిగదిలో ఒక్కదాన్నే పైకే నవ్వాను.
అరవై ఏళ్ళుగా నిజాలై కూర్చున్న ఆరు అంకెల్ని
వాటిని వేసినవాడే పట్టిచ్చాడు.
గడిలో అబద్ధం ఎంత బుద్ధిగా కూర్చుంటుందో!
దానికో కోడు ఉంది మాకు. ఏడు అంటే అనుమానం.
ఆరుసార్లు ఏడు కొట్టాను.
పెళ్ళికి కోడు లేదు.

ఇక వెండెల్‌దే గెలుపు అనుకున్నాను.

పోయిన వారం పుస్తకాలన్నీ అయిపోయాయి.
ముప్పై ఒక్క వేసవుల మట్టాల్ని
కొర్నేలియా ఒకే తెరమీద గీత గీయించింది.
నిద్రపోయినవాడి చెయ్యి మంచం మీంచి జారినట్టు
నీలం గీత కిందికి, కొంచెం కొంచెంగా.

వెనక్కెళ్ళి వెతికాను, ఎక్కడైనా రాశాడేమోనని.
తలుపు రాసినవాడు, వాసన రాసినవాడు
ప్రతి ఆగస్టులోనూ ఒకటే మాట:
"నది మామూలే."
రోజుకి రెండుసార్లు చూసినవాడికి కనపడనిది
ఒక్కనాడూ తడవని గళ్ళకి కనపడింది.

మర్నాడు కొర్నేలియా బల్ల ముందు నిలబడ్డాను.
తొమ్మిదో గడి కావాలి, అన్నాను.
ఎంత పొడుగు?
హద్దు లేకుండా.
నలభై అక్షరాలు, అంది.
చేపల బజారులోలాగా బేరం సాగి
రెండు వందల యాభై అయిదు దగ్గర తెగింది.

మొదట తలుపు ఎక్కించాను.
గొళ్ళెం కూడా.
ఇంకా రెండు వందల పైచిలుకు చోటు మిగిలింది.
ఆ తలుపు ఏ ఇంటిదో వెండెల్ రాయలేదు.

ఖాళీగానే ఉంచాను.